మాట ఒకటే, అర్థాలు వేరు

ఆంగ్లంలో ‘గిఫ్ట్’ అంటే బహుమతి. అవే అక్షరాలకు జర్మన్ భాషలో విషమని అర్థం. స్వీడిష్‌లో విషమనీ, పెళ్ళయినవారనీ రెండర్థాలు. అన్నింటికీ మూలం ‘ఇచ్చినది’ అన్న భావమే.

ఈ విచిత్రం చూడడానికి ఐరోపా దాకా పోనక్కరలేదు; సూరత్ చాలు. మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుండి వెళ్ళిన నేత కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడ్డాయి. వారి పిల్లలకోసం నగరపాలక సంస్థ తెలుగు పాఠశాలలు కూడా నెలకొల్పింది.

తెలుగుకూ గుజరాతీకీ సంస్కృతం ఒకే పదాలను పంచి ఇచ్చింది. అవి రెండిళ్ళలో రెండు విధాలుగా పెరిగాయి. సంస్కృతంలో ‘అవసరం’ అంటే తగిన సమయం. తెలుగులో అది అక్కర అయింది. గుజరాతీలో ‘అవసర్’ శుభకార్యమయింది. ఆసుపత్రి ఖర్చుకై ‘అవసర్’ అంటూ బదులడిగిన నేత కార్మికుణ్ణి, ఇంట్లో పెళ్ళెవరికని యజమాని ప్రశ్నిస్తే ఆశ్చర్యం లేదు. మన ‘అభిమానం’ ఆప్యాయత. వారి ‘అభిమాన్’ అహంకారం. మన ‘ప్రపంచం’ లోకం. వారి ‘ప్రపంచ్’ కపటం కూడా.

తెలియని మాటకు అర్థమడుగుతాం. తెలిసిన మాటకు అడగం. అపార్థం పుట్టేది అక్కడే. పరాయి భాషలో పరిచితమైన మాట వినిపించినప్పుడే ఒక్క క్షణం ఆగడం మేలు.