ధాన్యపు కొట్టునకు గాలితుపాకి: కొనుటకు ముందు యోచింపవలసిన సంగతులు

పండించిన గింజ యింటికి చేరినంత మాత్రమున రైతు కష్టము గట్టెక్కినట్లు కాదు. పొలములో ఎలుక తినగా మిగిలినది కళ్లమునకు వచ్చును. కళ్లమునుండి కొట్టునకు వచ్చిన దానికి మరల ఎలుకయే కాపు కాయును. అది తినునది కొంత, గోనెసంచి కొఱికి నేలపాలు చేయునది కొంత, పెంటికలతోను మూత్రముతోను చెఱచునది మఱికొంత. ఈ బాధకు విరుగుడుగా గాలితుపాకి కొనవచ్చునా, కొన్నచో ఎట్టి దానిని కొనవలెనని మన సంఘ సభ్యులు కొందఱు ప్రశ్నించుచున్నారు. గాలిని ముందుగనే నింపియుంచుకొని పేల్చు పి.సి.పి. యను రకపు తుపాకులు అంగళ్లలో కనబడుచుండుటచే ఈ ప్రశ్న ముమ్మరమైనది. కావున వానిని గుఱించి మేము తెలిసికొన్న సంగతులను సభ్యుల యుపయోగార్థమై ఇచట వ్రాయుచున్నాము.

మా యభిప్రాయము ముందుగనే చెప్పెదము. గాలితుపాకి కొట్టునకు పనిముట్టు, పొలమునకు కాదు. ఈ యొక్క మాట మనస్సున నుంచుకొన్న రైతు తగిన తుపాకినే యెన్నుకొనును, లేదా అసలు కొనక తన డబ్బు మిగుల్చుకొనును. ఈ మాట మఱచినవాడు డబ్బు పోగొట్టుకొనుటయే గాక న్యాయస్థానపు మెట్లు కూడ ఎక్కవలసి రావచ్చును.

తుపాకి పనిచేయు విధము

మనము సంతలలో బుడగలు పేల్చుటకు వాడగా చూచినది స్ప్రింగు తుపాకి. గొట్టమును వంచినప్పుడు లోపలి స్ప్రింగు బిగియును. మీట నొక్కగనే అది విడివడి గాలిని త్రోసి గుండును వెళ్లగొట్టును. పి.సి.పి. తుపాకిలో స్ప్రింగు చేయు నీ పని లేదు. గొట్టము క్రిందనో వెనుకకట్టెలోనో ఒక చిన్న సిలిండరు ఉండును. అందులో మిక్కిలి ఒత్తిడితో గాలి నింపి యుంతురు. మీట నొక్కినప్పుడెల్ల ఒక కవాటము రెప్పపాటు కాలము తెఱచుకొని కొంచెము గాలిని విడుచును. ఒకసారి నింపిన గాలితో అనేక గుండ్లు పేల్చవచ్చును.

ఇది నూతనముగా కనబడినను ప్రాత విద్యయే. 18 వ శతాబ్దాంతమున ఆస్ట్రియా సైన్యమునకు జిరార్డోని యను నతడు ఇట్టి తుపాకిని చేసి యిచ్చెను. దాని వెనుకకట్టెయే గాలి సిలిండరు. దానిని నింపుటకు చేతిపంపును వేయి సార్లకు పైగా కొట్టవలసి వచ్చెడిది. ఆ శ్రమ నేటికిని పూర్తిగా తప్పలేదని ముందు చూడగలము.

స్ప్రింగు తుపాకి పేలునప్పుడు లోపలి బరువు ముందునకు దూకి తుపాకిని కదల్చును. అందుచే గుఱి తప్పకుండుటకు చాల అభ్యాసము కావలెను. పి.సి.పి. తుపాకి యించుమించు కదలక పేలును. గుఱి నిలుచుటయే దీని ముఖ్యగుణము. ఎలుక తల యెంతటిదో తలచుకొన్నచో ఈ గుణము విలువ తెలియును. తలకు తగిలిన గుండు వెంటనే ప్రాణము తీయును. ఒడలికి తగిలిన గుండు ఎలుకను బొఱియలోనికి పంపి, అచ్చట కుళ్లి కంపు కొట్టునట్లు చేయును.

చట్టము చెప్పునది

మన దేశమున తుపాకుల కన్నిటికిని 1959 నాటి ఆయుధ చట్టమును, 2016 నాటి ఆయుధ నియమములును వర్తించును. ఈ నియమముల ప్రకారము గుండు వెలువడు శక్తి 20 జౌళ్లకు మించినను, గొట్టపు రంధ్రము 4.5 మిల్లీమీటర్లకు మించినను లైసెన్సు కావలెను. ఈ రెండు హద్దులకు లోబడిన దానికి అక్కఱలేదు. 5.5 మిల్లీమీటర్ల తుపాకి శక్తి తక్కువైనను హద్దు దాటినదే యని గ్రహింపవలెను. అంగడివాడు “ఏమియు కాదు, అందఱును కొనుచున్నారు” అని చెప్పిన మాట పోలీసుల యెదుట పనికిరాదు. గుర్తింపు పత్రము చూపి, తుపాకి రంధ్రమును శక్తియు వ్రాసిన రసీదు పుచ్చుకొని, దానిని భద్రపఱచుకొనవలెను.

ఈ హద్దు మనకు కొఱత యని తలపరాదు. ఇంగ్లండు దేశమున రైతులు తమ కొట్లలోని ఎలుకలకు పి.సి.పి. తుపాకులను విరివిగా వాడుదురు. అచ్చట ప్రత్యేకానుమతి పత్రము లేక వాడదగిన తుపాకి శక్తి 12 అడుగు-పౌనులు, అనగా సుమారు 16 జౌళ్లు మాత్రమే. స్కాట్లండులో నన్ననో 2016 డిసెంబరు 31 నుండి ఆ మాత్రపు తుపాకికిని పత్రము కావలెను. 16 జౌళ్లతో వారి ఎలుకలు చచ్చుచుండగా మన ఎలుకలకు అంతకంటె హెచ్చు బల మెందులకు?

రెండవ చట్టము ఇంతకంటె ముఖ్యమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2022 లో సవరించిరి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. అందలి మొదటి రెండు పట్టికలలోని ప్రాణులను చంపుట యే గాక గాయపఱచుటయు, అందులకు ప్రయత్నించుటయు వేటయే యగును. నెమలి మొదటి పట్టికలో నున్నది. దానిని చంపినవానికి మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్ల వఱకు శిక్షయు, పైని జుల్మానాయు కలవు. జొన్నకంకులపై వ్రాలు రామచిలుకయు, వేరుసెనగ త్రవ్వు అడవిపందియు రెండవ పట్టికలోనివి. పంట నాశనమగుచున్నచో అడవిపంది విషయమున వ్రాతమూలకముగ అనుమతి నిచ్చు అధికారము వన్యప్రాణి శాఖాధికారులకు కలదు. ఆ అర్జీ పెట్టుకొనుటయే మార్గము. తుపాకి చేతిలో నున్నది గదా యని పేల్చరాదు. చట్టము మాట యటుంచినను, అర గ్రాము గుండు అడవిపందిని చంపజాలదు. దానిని రెచ్చగొట్టి మనుష్యులపైకి ఉసికొల్పగలదు.

ఇక మిగిలినవి మన పంటలకును కొట్లకును పట్టిన ఎలుకలు, పందికొక్కులు. ఇవి యా పట్టికలలోనివి కావు. మన గాలితుపాకికి తగిన గుఱి యివియే.

ఎన్నుకొను విధము

మొదటిది శక్తి. 4.5 మిల్లీమీటర్ల గుండు సుమారు 0.54 గ్రాముల బరువుండును. అది సెకనుకు 270 మీటర్ల వేగముతో వెలువడినచో శక్తి యించుమించు 20 జౌళ్లకు చేరును. కావున అట్టి గుండుతో “సెకనుకు 300 మీటర్లు” అని గొప్ప చెప్పు పెట్టెను చూచినచో ఆనందింపక అనుమానింపవలెను: ఆ మాట నిజమైనచో తుపాకి హద్దు దాటినది, కానిచో అంగడివాడు హద్దు దాటినాడు. కొట్టులో కొట్టవలసిన దూరము పది పదిహేను గజములు. అధిక శక్తి గల గుండు ఇనుపరేకు పైకప్పును తూట్లు పొడుచును. గోడకు తగిలి వెనుకకు వచ్చును. శక్తిని తగ్గించుకొను మర గల తుపాకి మన పనికి మేలు.

రెండవది గుఱి. కొనుటకు ముందు, పేల్చదలచిన దూరమున కాగితము కట్టి, ఆనించి కూర్చుండి, అయిదు గుండ్లు కొట్టి చూడవలెను. అవి యన్నియు అంగుళపు చుట్టులో పడినచో తుపాకియు గుండ్లును కుదిరినట్లు. ఒకే తుపాకి ఒక రకపు గుండ్లతో చక్కగా కొట్టి మఱియొక రకముతో చెదరగొట్టును. రెండు మూడు రకములు పరీక్షించుట మంచిది. ఒత్తిడి తగ్గుకొలది గుండు దిగజారకుండ కాపాడు రెగ్యులేటరు ఉన్నచో మొదటి గుండును కడపటి గుండును ఒక్కచోటనే పడును.

మూడవది గాలి నింపుట. కొనువారు మిక్కిలిగా ఏమఱునది యిచ్చటనే. తుపాకి సిలిండరులో గాలి యొత్తిడి తఱచుగా 200 బార్లు. లారీ చక్రములో నుండునది ఏడెనిమిది బార్లు మాత్రమే. కావున చక్రములకు గాలి కొట్టు దుకాణము మన కక్కఱకు రాదు. ఇందుకు ప్రత్యేకమైన చేతిపంపు కావలెను. కడపటి కొట్టులకు మనిషి తన బరువంతయు దానిపై మోపవలసి వచ్చును. కొంచెము కొట్టి, పంపు చల్లాఱనిచ్చి, మరల కొట్టవలెను. లేదా విద్యుత్తుతో నడచు చిన్న కంప్రెసరు కొనవలెను. ఏది కొన్నను తేమను వడగట్టు ఏర్పాటు ఉండవలెను. మన తీరప్రాంతపు గాలిలోని తేమ సిలిండరు లోపల తుప్పు పట్టించును. తుపాకి వెల యొకటే చూచి కొనువాడు పంపు వెల, దుర్భిణి వెల, అరిగిన వాషర్లు మార్చు ఖర్చు పిమ్మట తెలిసికొని చింతించును.

సంవత్సరమున కొన్ని రాత్రులు మాత్రమే పని యున్న చిన్న రైతునకు మంచి స్ప్రింగు తుపాకి చాలునని మా తలంపు. దానికి పంపు వలదు, సిలిండరు వలదు. పెద్ద కొట్లు, కోళ్లశాలలు గలవారికి పి.సి.పి. తగును. అట్టివారు ఒక గ్రామమున నలుగురున్నచో పంపును ఉమ్మడిగా కొనుట సహకార ధర్మము. వెలయు నాలుగు భాగములగును.

ప్రాణాపాయమైన తప్పులు

వెల్డింగు దుకాణములోని ఆక్సిజను సిలిండరుతో తుపాకిని నింపుట కలలోనైనను తలపరాదు. అంతటి యొత్తిడిలో ఆక్సిజనునకు చమురు సోకినచో భగ్గున మండి తుపాకి బాంబువలె ప్రేలును. మామూలు గాలితోనైనను సిలిండరులో యంత్రపు నూనె వేయరాదు. తయారుచేసినవారు చెప్పిన సిలికాను గ్రీజు మాత్రమే వాడవలెను. సొట్టపడిన సిలిండరును నింపరాదు.

గుండు చిన్నదే గాని మనిషి కన్ను పోగొట్టుటకు చాలును. తుపాకిని తాళము వేసిన పెట్టెలో నుంచవలెను. గుండ్లను వేఱొకచోట నుంచవలెను. పిల్లల చేతికి ఆటవస్తువుగా ఇయ్యరాదు. గుఱి వెనుక ఏమున్నదో తెలియక మీట నొక్కరాదు. ఎలుకలు తిరుగు దారివెనుక ఇసుకబస్తా నిలిపి, దాని యెదుట మాత్రమే కొట్టవలెను. దీపమునకు ఎఱ్ఱకాగితము కప్పినచో ఎలుకలు అంతగా బెదరవు. గుండు సీసముతో చేయబడినది. ధాన్యములో పడిన గుండును ఏఱివేయవలెను. చచ్చిన ఎలుకను వట్టిచేత తాకరాదు. దాని మూత్రమువలన ఎలుకజ్వరము సోకును. లోతుగా పూడ్చి చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

పొలపు ఎలుక మాట

ఇంతవఱకు కొట్టు మాట చెప్పితిమి. కొట్టులోను కోళ్లశాలలోను గింజయు మేతయు ఉండును గనుక విషపు టెఱ పెట్టుటకు జంకుదుము. అందుచేతనే అచ్చట తుపాకికి చోటు కలిగినది. పొలములో సంగతి వేఱు. ఎలుక మూడు వారములు దాటగనే యీనును. రాత్రి యంతయు మేల్కొని పది ఎలుకలను కొట్టినవాడు తెల్లవాఱుసరికి పది బొఱియలను చూచును. అచ్చట పని చేయునది ఊరందఱి ఐకమత్యము.

వరి పొట్టకు రాకమునుపే, ఊరివారందఱు ఒకే దినమున బొఱియలన్నిటిని మట్టితో మూయవలెను. మఱునాడు తెఱచుకొన్నవే ఎలుకలున్న బొఱియలు. 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల వంటనూనె, 20 గ్రాముల 0.25 శాతపు బ్రోమోడయోలోను పొడి కలిపి, పది గ్రాముల పొట్లములుగా కట్టి, తెఱచుకొన్న బొఱియలలో లోపలికి వేయవలెను. ఈ విషము కొన్ని దినములకు గాని చంపదు. అందుచే తక్కిన ఎలుకలు అనుమానింపవు. చచ్చి బయటపడిన వానిని పూడ్చినచో ఎలుకలను తిను గుడ్లగూబలు విషమునకు బలి గాకుండును. గట్లు సన్నగా నుంచినచో బొఱియలకు తావు తగ్గును. ఒక్క రైతు తన చేనిలో చేసి, ప్రక్కవాడు ఊరకున్నచో, వాని ఎలుకలు పదిదినములలో వీని చేనికి కాపురము వచ్చును.

కావున సభ్యులకు మా మనవి యిది. తుపాకి కొనదలచినవారు మొదట తమ శత్రువు ఎచ్చట నున్నదో చూడుడు. పిదప చట్టపు హద్దు చూడుడు. అటుపిమ్మట గుఱి, గాలి, వెల విచారింపుడు. శత్రువు పొలములోనే యున్నచో తుపాకికి పెట్టదలచిన డబ్బులో కొంత ఊరి యుమ్మడి ఎఱకు చందాగా వేయుడు. వచ్చు సార్వాకు ఎలుకల నిర్మూలన దినము నిర్ణయించుటకు ప్రతి గ్రామ సంఘమును తన రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుకొనవలెనని కోరుచున్నాము.