‘ఇంటి భోజనం’ ఎవరి ఇంటిది?

ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ భోజన హోటళ్ళ బోర్డుల మీద ఇవాళ రెండు మాటలు తరచు కనిపిస్తాయి. ఒకటి ‘ఇంటి భోజనం’. రెండోది ‘గోదావరి రుచులు’. డబ్బు పుచ్చుకుని ముక్కూమొహం తెలియనివాళ్ళకు వడ్డించే అన్నాన్ని ‘ఇంటిది’ అనడంలో ఒక వైరుధ్యం వుంది. మెట్ట, డెల్టా, కొల్లేటి లంకలు అని మూడు రకాల నేలా, అనేక కులాలూ, అంతకన్నా ఎక్కువ తేడాలున్న ఆదాయాలూ గల ప్రాంతానికంతకూ ఒకటే రుచి అనడంలో మరో వైరుధ్యం వుంది. మాటలతో పనిచేసేవాళ్ళం గనుక ఈ రెండు మాటలనూ విప్పి చూడవలసిన బాధ్యత మనకుంది. పైగా తిండి గురించి మన కథల్లోనూ జ్ఞాపకాల్లోనూ ఈ మధ్య చాలా రాస్తున్నాం. ఆ రాతల్లోకి కూడా ఈ బోర్డు భాష చొరబడుతోందని నా అభిప్రాయం.

పూటకూటి చరిత్ర

అన్నం అమ్మడం మనకు కొత్త కాదు. వినుకొండ వల్లభరాయుని పేర వున్న ‘క్రీడాభిరామం’ కాకతీయుల ఓరుగల్లు వీధుల్ని వర్ణిస్తూ, ఒక్క రూకకు కమ్మని భోజనం పెట్టే పూటకూళ్ళ ఇంటిని కూడా వర్ణిస్తుంది. అందులో వంటకాల పేర్లున్నాయి. ధర వుంది. ఆ ఇల్లు ఎవరిదో కూడా వుంది. వండినవాళ్ళెవరన్నది కవికి పట్టలేదు.

ఆ వండే మనిషిని గురజాడ రంగస్థలం మీదికి తీసుకొచ్చాడు. 1897లో అచ్చయి, 1909లో తిరగరాసిన రూపంలో వెలువడిన ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ వితంతువు. నాటకమంతటా ఆమెకు పేరు లేదు; వృత్తే ఆమె పేరు. సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని, గిరీశం ఆ డబ్బు మధురవాణి కింద ఖర్చుపెట్టేస్తాడు. మనం ఈ సంగతి విని గిరీశం చాకచక్యానికి నవ్వుతాం. ఆమె చీపురుకట్ట పుచ్చుకుని వెంటబడితే ఇంకా నవ్వుతాం. కాని ఆ ఇరవై రూపాయలు ఏమిటి? అవి బియ్యం, పప్పు, చింతపండు కొనవలసిన సొమ్ము. అనగా ఆమె పెట్టుబడి. ఆస్తి చేతిలో లేని ఆడమనిషి ఇంట్లో ఊరికే చేసిన వంటను బజారులో అమ్మి కూడబెట్టుకున్న పెట్టుబడి. ఆ చీపురు వెనకాల ఒక ఆర్థిక వాస్తవం వుంది. గురజాడ దాన్ని ఉపన్యాసంగా చెప్పలేదు. నాటకం మొదట్లోనే ఒక అంకెగా చెప్పాడు.

ధర చేసిన మేలు

పూటకూళ్ళ ఇంటినీ హోటలునూ తిట్టి, ఇంటి వంటను కీర్తించడం మనలో చాలామందికి అలవాటు. చరిత్ర దృష్టితో చూస్తే అది సరి కాదు. పంక్తి భోజనం మొదట కులాన్ని అడుగుతుంది. ధర డబ్బును మాత్రమే అడుగుతుంది. ఊరు వదిలి వచ్చిన విద్యార్థికి, మిల్లులో చేరిన కార్మికుడికి, బదిలీ మీద వచ్చిన గుమాస్తాకు అన్నం దొరికింది బంధువుల ఇంట కాదు, భోజన హోటల్లో. భూస్వామ్య సంబంధాలను డబ్బు ఎలా కరిగిస్తుందో మార్క్స్, ఎంగెల్స్ 1848లో చెప్పిన మాటకు మన పట్టణాల్లో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ వెతకనక్కరలేదు.

అయితే కులం అంత సులభంగా చెయ్యి కడుక్కుని లేచిపోలేదు. బోర్డు మీదికి ఎక్కింది. ‘బ్రాహ్మణ భోజన హోటల్’ అన్న పలకలు దక్షిణాది పట్టణాల్లో చాలాకాలం వేలాడాయి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం పదిహేనో అధికరణంలో దుకాణాలనూ భోజనశాలలనూ పేరుపెట్టి చెప్పి, అక్కడ కులం పేర అడ్డగించరాదంది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. అయినా మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు బోర్డు మీది ‘బ్రాహ్మణ’ శబ్దాన్ని తొలగించడానికి 1957లో పెరియార్ అనుచరులు రోజుల తరబడి పికెటింగు చేయవలసివచ్చింది. పల్లెల్లో టీ దుకాణాల రెండు గ్లాసుల పద్ధతి ఈ చట్టాల తరవాత కూడా దశాబ్దాలు బతికింది.

ఇవాళ ఆ పాత శబ్దం చాలా బోర్డుల మీది నుంచి పోయింది. దాని స్థానంలో ‘ఇల్లు’ వచ్చింది. శుచి, నమ్మకం, ‘మనవాళ్ళు’ అనే పాత హామీలలో కొన్ని ఈ కొత్త మాటలో దాగి వున్నాయని నేననుకుంటున్నాను. మాట మెత్తబడింది కాబట్టి ప్రశ్నించడం కష్టమయింది.

ఒక బల్ల, మూడు ఇళ్ళు

ఏలూరులో ఒక సాహిత్య సభకు వెళ్ళినప్పుడు, కాలువగట్టుకు దగ్గరలో వున్న ఒక చిన్న హోటల్లో ముగ్గురు మిత్రులతో కలిసి భోజనం చేశాను. నాలుగు బల్లలు, అరటాకులు. ముద్దపప్పు, ఆవకాయ, ఆవపెట్టిన పనసపొట్టు కూర, కందాబచ్చలి, గోంగూర పచ్చడి, మజ్జిగపులుసు, అప్పడం, ఊరమిరపకాయలు, పెరుగు. అడిగినవారికి కొర్రమీను పులుసు. వంట బాగుంది. దాని గురించి రెండో అభిప్రాయం లేదు. ‘అచ్చం మన ఇంటి భోజనంలా వుంది’ అని నేనన్నాను. ఆ మాట మీదే చర్చ మొదలయింది.

ఒక మిత్రుడు ఏలూరు జూట్ మిల్లు కార్మికుడి కొడుకు. “మా ఇంట్లో అయితే అన్నం, చారు, ఎండుచేప ముక్క. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక గాని మాకు రెండు పూటలా నిండుగా తెల్లన్నం లేదండీ” అన్నాడు. రెండో మిత్రుడు తాడేపల్లిగూడెం అవతల మెట్ట ఊరివాడు. కాలవ నీరు తమ పొలాలకు ఎక్కలేదనీ, తన చిన్ననాడు ఇంట్లో జొన్నన్నం, ఉలవచారే ఎక్కువనీ, వరన్నం పండగనాటి మాటనీ చెప్పాడు. మూడో మిత్రుడు కొల్లేటి లంకలో పుట్టినవాడు, చేపలు పట్టే వడ్డీల కుటుంబం. ఆకు వైపు చూసి, “మా చేపలు ఒక్కటే వుందండీ ఇందులో, అదీ ఖరీదయినది” అన్నాడు. మట్టగిడసలు, గొరకలు, బొమ్మిడాయిలు, చేదుపరిగెలు, నత్తలు, బాతుగుడ్లు — తన ఇంటి భోజనం అదని పేర్లు చెప్పాడు. వాటిలో ఒక్కటీ ఆ హోటలు బోర్డు మీద లేదు.

మరి ఈ ‘ఇల్లు’ ఎవరిది? కాలవ పారుదల కింద పొలం, కొట్టంలో పాడి, దొడ్లో పనస, వంటింట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళ పూర్తికాలపు చాకిరీ — ఇవన్నీ వున్న ఇల్లు. అందులోనూ పండగనాటి ఇల్లు. అటువంటి ఇళ్ళు డెల్టాలో వుండేవి, కాదనను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవలు సాగాక వరి పెరిగింది. వరి మీద మిగులు పెరిగింది. ఆ మిగులు మీద ఈ వంట పెరిగింది. అంచేత ‘గోదావరి రుచి’ అనేది నదిలోంచి వచ్చిన గుణం కాదు. నీరు ఎవరి చేలోకి పారిందన్న ప్రశ్నకు వచ్చిన జవాబు. కొద్ది ఇళ్ళ పండగ భోజనం ఇప్పుడు అందరి జ్ఞాపకంగా అమ్ముడవుతోంది. అనుభవించనివాడికి కూడా అది పోగొట్టుకున్నదానిలా తోస్తుంది.

‘అనాది’ అన్న మాట కూడా నిలవదు. మన వంటకు ప్రాణమనుకునే మిరపకాయ పోర్చుగీసువారి వెంట అమెరికా ఖండం నుంచి పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. ఇంగువ అఫ్ఘానిస్తాన్, ఇరాన్‌ల నుంచి వస్తుంది. పులుసులో ఉల్లి తాడేపల్లిగూడెం మార్కెట్టుది. ఆ మార్కెట్టులోకి అది కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ లారీల మీద వచ్చి, హమాలీల భుజాల మీద దిగుతుంది. ఇంటి రుచి వెనకాల ఇంత బజారు వుంది.

కొర్రమీను ఎక్కడిది?

లంక మిత్రుడు హోటలాయన్ని అడిగిన ప్రశ్న మరీ ముఖ్యమయినది: “ఈ కొర్రమీను సరస్సుదా, చెరువుదాండీ?” “చెరువుదేనండీ. సరస్సుది రోజూ ఎక్కడ దొరుకుతుందండీ” అన్నాడాయన.

ఈ రెండు వాక్యాల వెనక యాభై ఏళ్ళ చరిత్ర వుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని నిలవబెట్టుకుని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే మంచినీటి సరస్సు కొల్లేరు. తాటిదోనెలు, మావులు, వలలతో చేపలు పట్టి, కిక్కిస గడ్డి పాకల్లో బతికిన జనానికి అది పొలం వంటిది. 1970ల నడుమ మత్స్యకారుల సహకార సంఘాలకు ప్రభుత్వం చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కాని మేతకు, పిల్లలకు, గట్లకు పెట్టుబడి కావాలి. పెట్టుబడి వున్నవాడు బయటనుంచి వచ్చాడు. చెరువులు లీజుల రూపంలో అతని చేతిలోకి పోయాయి. సంఘ సభ్యుడు తన పేర వున్న చెరువు గట్టు మీదే కూలీ అయ్యాడు. రైసుమిల్లుల తవుడు తిని పెరిగిన శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో బెంగాలుకూ అస్సాముకూ ప్రయాణం కట్టాయి. 1999లో అయిదో కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేర చెరువు గట్లను పేల్చారు, కూల్చారు. గట్లు తెగినప్పుడు లీజుదారుకు నష్టం వచ్చింది. గట్టు మీది కూలీకి ఆ పూట పని పోయింది. ఈ రెండూ ఒకటి కావు.

అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవల ఈ మార్పును సరస్సు చుట్టూ బతికిన మనుషుల వైపు నుంచి చూసింది. అందులో చేపల రుచి వుంది. ఆ రుచికి కారణమయిన నీరు ఎవరి అధీనంలో వుంది, ఎట్లా చేయి మారింది అన్నదీ వుంది. ఆ రెంటినీ విడదీయకపోవడమే దాని బలం.

వండిన మనిషి ఇల్లు

భోజనమయాక చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళితే, వంటామె గిన్నెలు తోమించుకుంటూ కనిపించింది. యాభై ఏళ్ళుంటాయి. వంట బాగుందని చెప్పి, “మీ ఇంట్లో కూడా పనసపొట్టు ఇట్లాగే చేస్తారా అమ్మా?” అని అడిగాను. ఆమె నవ్వి, “మా ఇంట్లో ఎప్పుడు చేశామండీ! ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నానండీ. పొద్దున్న అయిదుకి వస్తే నాలుగింటికి వెళ్తానండీ. ఇక్కడ మిగిలింది పట్టుకెళ్తే అదే మా ఇంటి భోజనమండీ” అంది.

ఇంతవరకు నేను చేసిన వాదమంతా ఆమె ఆఖరి వాక్యంలో వుంది. ఇంట్లో వంట చేస్తే దానికి కూలి లేదు, పేరు ‘ప్రేమ’. అదే వంట హోటల్లో చేస్తే కొంత కూలి వుంది. అది నిస్సందేహంగా ముందడుగు. కాని బోర్డు మీద ‘ఇల్లు’ అని రాయగానే ఆ కూలి పని మళ్ళీ ప్రేమలోకి జారిపోతుంది, కంటికి కనిపించకుండా పోతుంది. పదకొండు గంటల పనిదినం గురించి అడగాలన్న ఆలోచన తినేవాడికి రాదు. అమ్మ చేతి వంటకు పని గంటలేమిటి?

రచయితలకు

రుచి గురించి రాయవద్దని నేననడంలేదు. ఆకలి గురించి మాత్రమే రాయాలనీ అనడంలేదు. శ్రమజీవికి రుచి తెలియదనుకోవడం కూడా ఒక రకమయిన అహంకారమే. బొమ్మిడాయిల పులుసు గురించి మా లంక మిత్రుడు చెబుతుంటే విన్నవాడెవడూ ఆ మాట అనలేడు. నేను చెప్పేది ఇంతే. ‘మన ఇంటి వంట’ అని రాసేటప్పుడు ఆ ‘మన’లో ఎవరున్నారో, ఎవరు లేరో రాసేవాడికి తెలిసి వుండాలి. ఏ నేల, ఏ నీరు, ఎవరి చెయ్యి, ఎంత కూలి — ఈ నాలుగూ కథలో వాక్యాలుగా కనబడకపోవచ్చు. కథ రాసే మనిషికి తెలిస్తే చాలు, వర్ణన దానంతటదే మారుతుంది. గురజాడకు తెలుసు కనుకనే పూటకూళ్ళమ్మ చేతిలో గరిటెతోపాటు ఇరవై రూపాయల లెక్క కూడా వుంది.

ఈ జిల్లాల నుంచి రాస్తున్న యువ రచయితలను నేను కోరేది మరొకటి వుంది. మట్టగిడస, గొరక, చేదుపరిగె, మావు, కిక్కిస — ఈ మాటలు బోర్డుల మీదికి ఎక్కవు. సరస్సు చేపతోపాటు మాటా తగ్గిపోతోంది. వాటిని అలంకారంగా కాక, వాటితో బతికినవారి పనిగా, ఆకలిగా, ఇష్టంగా కథల్లోకి తీసుకురండి. ‘ఇంటి భోజనం’ అనే మాటకు అప్పుడు గాని ఒక ఇంటి కన్నా ఎక్కువ ఇళ్ళు దొరకవు.