మాట చెల్లించిన గాయని

రాక్ సంగీతమనగానే మన పెద్దలకు చెవులు గింగురుమనిపించే హోరే స్ఫురిస్తుంది. పాటీ స్మిత్ మాత్రం ఆ రంగంలోనికి కవిత్వద్వారాన ప్రవేశించింది. 1946లో చికాగోలో జన్మించి, కొన్నాళ్లు కర్మాగారంలో శ్రమించి, 1967లో న్యూయార్క్ చేరి పుస్తకాల దుకాణంలో కొలువు చేసింది. 1971లో సెయింట్ మార్క్స్ చర్చిలో ఆమె కవితలు చదువుతుండగా ప్రక్కన లెన్నీ కే గిటారు వాయించాడు. 1975 నాటి ‘హార్సెస్’ గీతసంపుటికి బీజం అదే.

కీర్తి చేతికందిన దశలో వేదిక విడిచి, డెట్రాయిట్ చెంత గృహిణిగా స్థిరపడింది. ఆ యేండ్లు వృథా అంటే నేనంగీకరించను. అప్పుడూ ఆమె వ్రాస్తూనే ఉంది. 1989లో ఛాయాచిత్రకారుడు రాబర్ట్ మేపుల్‌థోర్ప్ మరణించేముందు, తమ ఇరువురి కథ వ్రాస్తానని ఆ చిరకాల మిత్రునికి మాట ఇచ్చింది. అది చెల్లించడానికి ఇరువది యేండ్లు దాటాయి. 2010లో వెలువడిన ‘జస్ట్ కిడ్స్’ ఆ యేడే అమెరికా జాతీయ గ్రంథ పురస్కారం అందుకొన్నది.