ఆశ్రయం దాటాక అసలు పరీక్ష

విజయవాడ: భర్త దెబ్బలకు తాళలేక ఆశ్రయ గృహం చేరిన ఇల్లాలి కష్టాలు అక్కడి నుంచి బయటికి రాగానే తీరిపోవు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడడం, రాత్రులు నిద్ర పట్టకపోవడం నెలల తరబడి ఉండవచ్చు. ఇది పిచ్చి కాదు, మనసుకు తగిలిన గాయమని వైద్యులు చెబుతారు.

చెన్నుపాటి విద్య 1969లో విజయవాడలో స్థాపించిన వాసవ్య మహిళా మండలి ఇటువంటి స్త్రీలకు అండగా నిలిచింది. అయితే కోలుకోవలసింది ఊళ్లోనే. నాట్లకో, కుట్టుపనికో వెళ్లి నాలుగు రూపాయలు సంపాదించుకుంటే ధైర్యం కూడుతుంది. 'ఎంతైనా మొగుడే, సర్దుకుపో' అన్న మాట పాత గాయాన్ని రేపుతుంది.

2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం ప్రకారం, ఇల్లు తన పేరున లేకపోయినా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. రక్షణ, భృతి కోరుతూ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. సాయానికి 181కి ఫోను చేయవచ్చు. ఇరుగుపొరుగు 'అన్నం తిన్నావా అమ్మా' అని పలకరించినా ఆమెకు మందే.