మన కొర్రల కోసం ఎవరు మాట్లాడాల?

కొర్రలు మిల్లాడించి పాకెట్ చేసేదాకా అంతా పైన వీడియోలో చూపించా. వీడియోలో చెప్పడానికి వీలుకాని ఒక విషయం ఇక్కడ రాస్తున్నా. పాకెట్ మీద ధర మనమే వేసుకుంటాం. కానీ దాని మీద పన్ను ఎంతో, బడిపిల్లల భోజనంలో చిరుధాన్యాలు ఉండాలో వద్దో వేరేవాళ్లు నిర్ణయిస్తారు. వాళ్ల దగ్గరికి మన మాట చేరేదెట్లా?

ఒక ఉదాహరణ చూడండి. కనీసం 70 శాతం చిరుధాన్యాలున్న పిండి మిశ్రమం మీద గతంలో 18 శాతం జీఎస్టీ ఉండేది. 2023 అక్టోబర్ 7న జరిగిన జీఎస్టీ కౌన్సిల్ 52వ సమావేశంలో దాన్ని తగ్గించారు. ప్యాక్ చేసి లేబుల్ వేస్తే 5 శాతం, లూజుగా అమ్మితే సున్నా. అంటే వంద రూపాయల సరుకు మీద 13 రూపాయల తేడా. మనలాంటి చిన్న యూనిట్ నడిచేదీ మూతపడేదీ ఆ 13 రూపాయల దగ్గరే తేలుతుంది.

పెద్ద కంపెనీల తరఫున మాట్లాడేందుకు ఢిల్లీలో మనుషులుంటారు. దాన్నే లాబీయింగ్ అంటారు. మనకంత స్తోమత లేదు. మనకున్న బలమల్లా పండించే రైతు, కొని తినే మనిషి. వాళ్లు తమ నోటితో తాము చెప్పేదే కింది నుంచి పైకి పోయే మాట.

జహీరాబాద్ అక్కలు చూపించిన దారి

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి జహీరాబాద్ ప్రాంతంలో పనిచేస్తోంది. అక్కడి సంఘం మహిళలు, ఎక్కువమంది దళితులు, 1990ల మధ్యలో బీడు భూములు సాగులోకి తెచ్చి జొన్నలు పండించారు. ఆ జొన్నలనే తమ ఊళ్లలోని పేదలకు కార్డుల మీద తక్కువ ధరకు అందించారు. రేషన్‌లో బియ్యం, గోధుమలే ఎందుకు, జొన్నలు కూడా ఇవ్వొచ్చు కదా అని అడగడానికి ముందే చేసి చూపించారు. తర్వాత మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా ఇదే కోరికను దేశమంతా తిప్పింది. 2013 ఆహార భద్రత చట్టంలో ముతక ధాన్యాలు కిలో రూపాయికి అని చేరింది. 2018లో కేంద్రం వాటి పేరునే పోషక ధాన్యాలుగా మార్చింది. ఈ రోజు మన పాకెట్ అమ్ముడుపోతోందంటే అందులో ఆ అక్కల కష్టం కూడా ఉంది.

అచ్చు మెసేజ్‌తో పని జరగదు

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఫేస్‌బుక్. 2015 చివర్లో తన ఫ్రీ బేసిక్స్ కోసం ముందే రాసిపెట్టిన మెసేజ్‌ను లక్షలమంది చేత ట్రాయ్‌కి పంపించింది. ట్రాయ్ అడిగిన ప్రశ్నలకు వాటిలో జవాబే లేదు. ఆ మాట ట్రాయ్ బహిరంగంగానే చెప్పింది. 2016 ఫిబ్రవరి 8న అలాంటి పథకాలకు దారి మూసేసింది. సంతకాలు ఎన్ని అనేదానికంటే, అడిగినదానికి జవాబుందా అనేది ముఖ్యం.

మనం ఎట్లా చేయాల?

ముందు, ఒకే కోరిక పెట్టుకోవాల. "చిరుధాన్యాలను ప్రోత్సహించండి" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "మా మండలం అంగన్‌వాడీలకు కొర్రలు ఇక్కడి రైతు సంఘం నుంచే కొనండి" అంటే అధికారి అవుననో కాదనో చెప్పాల్సిందే.

రెండోది, సరైన గడప తొక్కాల. కొనుగోళ్ల విషయమైతే సోమవారం పుట్టపర్తి కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. పన్ను అక్కడ తేలదు. జీఎస్టీ కౌన్సిల్‌లో రాష్ట్రం తరఫున ఆర్థిక మంత్రి కూర్చుంటారు. కాబట్టి పెనుకొండ ఎమ్మెల్యే ద్వారా ఆయనకు చేరాల.

మూడోది, రైతు తన మాటే రాయాల. "చెనిక్కాయకు ఎకరాకు ఇంత పెట్టినా, వాన లేక ఇంతే వచ్చింది, కొర్రకు ఇంత ఖర్చయింది" అని లెక్కతో రాస్తే చాలు. నువ్వు రాసిచ్చిన కాగితం మీద వంద వేలిముద్రలకంటే ఆ ఒక్క కాగితానికి బరువెక్కువ.

ఇంక అసలు సంగతి. పన్ను తగ్గితే రైతుకు క్వింటాలుకు ఎంత పెంచుతావు? ఆ జవాబు నీ దగ్గర లేకుంటే సంతకం అడగొద్దు. కొనేవాడు మనమే కాబట్టి రైతు మొహమాటంతో పెట్టేస్తాడు. అది అతని మాట కాదు, మన మాటకు అతని వేలు. "సంతకం పెడితేనే సరుకు కొంటా" అనేది ఇంకా ఘోరం. మనకు ఇందులో ఎంత లాభముందో అర్జీలోనే రాసేయాల. దాచిపెట్టి బయటపడితే రైతుల పరువు కూడా పోతుంది.

ఈ చిక్కు లేని దారి మన పక్కనే ఉంది. టింబక్టు కలెక్టివ్ అండతో 2008లో మొదలైన ధరణి సహకార సంఘంలో రొద్దం, చెన్నేకొత్తపల్లి, రామగిరి మండలాల రైతులు ఉన్నారు. అక్కడ వ్యాపారం రైతులదే, లాభమూ వాళ్లదే. అందుకే వాళ్లు అడిగితే ఎవరి కోసమని ఎవరూ అనుమానపడరు.

వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉండే నేల మనది. కొర్రకు మార్కెట్ లేకపోతే రైతు మళ్లీ చెనిక్కాయకే పోతాడు. అందుకే అడగాల్సిందే. అడిగేముందు మీ సంఘంలో కూర్చుని, వచ్చే లాభంలో ఎవరికెంత అనేది కాగితం మీద రాసుకోండి. అర్జీ ఆ తర్వాత రాయొచ్చు.