స్టెప్నీ స్థానంలో జిగురు పొర

మామూలు ట్యూబ్‌లెస్ టైరు లోపల, నేలను తాకే పట్టీకి సరిగ్గా వెనక వైపున, కొన్ని మిల్లీమీటర్ల మందాన జిగురు పొర పరిస్తే అది సెల్ఫ్ సీలింగ్ టైరు అవుతుంది. బయటి నుంచి చూస్తే ఏ తేడా కనిపించదు. పక్కగోడ మీద కంపెనీ వేసిన గుర్తు ఒక్కటే ఆనవాలు. మేకు దిగితే ఈ జిగురు దాని చుట్టూ గట్టిగా అతుక్కుంటుంది. మేకు ఊడిపోతే దాని వెంటే రంధ్రంలోకి సాగి పూడ్చేస్తుంది. గాలి పోదు, బండి ఆగదు. చాలాసార్లు నడిపేవారికి పంక్చర్ అయిన సంగతే తెలియదు. ఈ గుణాన్ని నమ్ముకునే కొన్ని కార్ల కంపెనీలు డిక్కీలోంచి స్టెప్నీని తీసేశాయి.

స్టెప్నీ అనే మాట డ్రైవర్ల నోట, మెకానిక్కుల నోట నలిగి నలిగి తెలుగు మాటే అయిపోయింది. నిజానికి అది వేల్స్‌లోని లానెల్లి పట్టణంలో ఒక వీధి పేరు. తొలినాళ్ల కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. పంక్చర్ అయితే దారి పక్కన కూర్చుని, టైరు ఊడదీసి, ట్యూబుకు అతుకు వేసి, మళ్లీ ఎక్కించి, చేతిపంపుతో గాలి కొట్టుకోవాల్సిందే. అవి గుర్రాలు తిరిగే రోడ్లు కాబట్టి నాడాల మేకులకు కొదవ ఉండేది కాదు. 1904లో లానెల్లికి చెందిన థామస్ మోరిస్ డేవిస్, వాల్టర్ డేవిస్ అనే సోదరులు ఒక ఉపాయం చేశారు. ఆకులు లేని ఒట్టి రిమ్ముకు టైరు ఎక్కించి, గాలి నింపి, దాన్ని పంక్చరైన చక్రం పక్కన బిగించేలా తయారు చేశారు. వీధి పేరే దానికీ పెట్టారు. పుట్టిన చోట ఆ మాట దాదాపు మరుగున పడింది కానీ ఇక్కడ మాత్రం ఇప్పటికీ రోజూ వాడుకలో ఉంది.

స్టెప్నీలో ఉన్న గొప్పతనం ఒక్కటే, అయితే అది చిన్నది కాదు. ఏం జరిగిందని అది అడగదు. మేకు దిగినా, పక్కగోడ చీలినా, గుంతలో పడి రిమ్ము వంగినా, పాడైన చక్రం తీసి మంచి చక్రం బిగిస్తే బండి కదులుతుంది. ఈ భరోసాకు బదులుగా కారు ఎప్పుడూ కొంత భారం మోస్తూ ఉండాలి. చక్రం, జాకీ, వీల్ స్పానర్ కలిపితే చిన్న కార్లలోనే సుమారు 15 కిలోలు ఉంటుంది. డిక్కీ కింద పెద్ద గొయ్యంత చోటు కావాలి. ఎలక్ట్రిక్ కార్లలో ఆ ప్రాంతానికి బ్యాటరీ, దాని సరంజామా పోటీ పడతాయి. పైగా స్టెప్నీ ఉన్నంత మాత్రాన పని జరగదు. ఏళ్ల తరబడి ఎవరూ చూడకపోవడంతో అవసరమైన రోజున అందులోనే గాలి ఉండదు. గాలి గన్నుతో బిగించిన నట్లు చేతి స్పానరుకు కదలవు. రాత్రిపూట లారీలు దూసుకుపోయే హైవే అంచున వంగి చక్రం మార్చడం ప్రాణాంతకమైన పని. పెద్దవాళ్లు, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆ పని అసలు చేయలేరు. పంక్చర్ అయ్యాక చేసే పని కన్నా పంక్చర్ వల్ల ఆగకుండా ఉండటమే మేలు అన్న ఆలోచనకు బలం ఇక్కడి నుంచే వచ్చింది.

జిగురు పొర అంటే తేలిగ్గా అనిపిస్తుంది కానీ దాని మీద మోపిన షరతులు చాలా కఠినమైనవి. సాధారణంగా బ్యుటైల్ రబ్బరు లాంటి పదార్థాన్ని సగం సగమే గట్టిపరచి, అతుక్కునే గుణం పెంచే పదార్థాలు కలిపి దీన్ని తయారు చేస్తారు. మరీ పలుచన అయితే కారుతుంది, మరీ గట్టిదైతే రంధ్రంలోకి దిగదు. 205/55 ఆర్16 సైజు టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు దాదాపు 14 సార్లు తిరుగుతుంది. ఆ వేగానికి లోపలి జిగురును బయటికి నెట్టే బలం దాని బరువుకు 200 రెట్లు దాటుతుంది. అంత బలంలోనూ జిగురు మధ్యకు జారి పోగుపడకూడదు. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు 60 డిగ్రీలు దాటి కాలుతున్నా కరిగిపోకూడదు, చలి దేశాల్లో సున్నా కింద కూడా బిగుసుకుపోకూడదు. మేకు దిగిన చోటు సెకనుకు 14 సార్లు నేలకు ఆని, నలిగి, మళ్లీ తెరుచుకుంటుంది. జిగురు ఆ కదలికతో పాటే సాగాలి, ముడుచుకోవాలి, తెగిపోకూడదు.

పనసకాయ కోసేవారు ముందుగా కత్తికీ చేతులకూ నూనె రాసుకుంటారు. లేకపోతే ఆ పాలు వదలవు. టైరు కర్మాగారంలో సమస్య దీనికి తలకిందులు. టైరును అచ్చులో ఉడికించేటప్పుడు లోపలి గోడ యంత్రానికి అంటుకోకుండా సిలికోన్ లాంటి జారుడు పూత పూస్తారు. ఆ పూత ఉన్నచోట జిగురు నిలవదు. అందుకే తయారైన టైరు లోపలి భాగాన్ని లేజరుతోనో, వేరే పద్ధతిలోనో శుభ్రం చేస్తారు. తర్వాత టైరును తిప్పుతూ, వేడి చేసిన జిగురును పట్టీలా, చుట్టు పక్కన చుట్టుగా పరుస్తారు.

మేకు దిగిన టైరును దగ్గర నుంచి చూస్తే ఈ పని అర్థమవుతుంది. లోపల సుమారు 33 పీఎస్‌ఐ ఒత్తిడితో ఉన్న గాలి జిగురును రంధ్రం వైపు నెడుతూ ఉంటుంది. మేకు ఉన్నంతసేపూ జిగురు దాని ఒంటికి చొక్కాలా పట్టుకుని ఉంటుంది. పట్టకారుతో మేకును లాగితే దానితోపాటు నల్లటి జిగురు తీగలా సాగుతూ రంధ్రంలోకి వస్తుంది. ఒక్క క్షణం బుస్సుమని గాలి వినిపించి ఆగిపోతుంది. సబ్బు నీళ్లు పోసి చూస్తే బుడగ రాదు. కొన్నిసార్లు జిగురు కొస పైకి తేలి చిన్న నల్లటి మొటిమలా కనిపిస్తుంది.

కాంటినెంటల్ కంపెనీ కాంటీసీల్ పేరుతో తెచ్చిన ఇలాంటి టైర్లను 2008లో ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్ సీసీ కారుకు ఫ్యాక్టరీలోనే అమర్చారు. 5 మిల్లీమీటర్ల వరకు ఉన్న రంధ్రాలను అవి పూడుస్తాయని, పంక్చర్లలో దాదాపు 80 శాతానికి ఇదే సరిపోతుందని కంపెనీ లెక్క. పిరెల్లీ సీల్ ఇన్‌సైడ్ 4 మిల్లీమీటర్ల వరకు, మిషెలిన్ సెల్ఫ్‌సీల్ సుమారు 6 మిల్లీమీటర్ల వరకు భరోసా ఇస్తాయి. అమెరికాలో షెవర్లే బోల్ట్ ఎలక్ట్రిక్ కారు స్టెప్నీ లేకుండా, మిషెలిన్ సెల్ఫ్‌సీల్ టైర్లతో వచ్చింది. భారతదేశంలో జేకే టైర్ కార్లకు, సియట్ ద్విచక్ర వాహనాలకు ఈ రకం టైర్లు తెచ్చాయి.

మిగిలిన 20 శాతం సంగతే అసలు చిక్కు. జిగురు నేలను తాకే పట్టీ వెనకే ఉంటుంది, పక్కగోడల వెనక ఉండదు. ఇనుప రేకు కోసిన పొడుగాటి చీలికను అది మూయలేదు. వానాకాలంలో నీళ్లు నిండిన గుంత లోతు తెలియక వేగంగా దిగిన కారులో టైరు పక్కగోడ రిమ్ముకూ గుంత అంచుకూ మధ్య నలిగి, లోపలి దారాలు తెగుతాయి. గోడ కాయలా ఉబ్బుతుంది, లేదా అక్కడికక్కడే పేలుతుంది. రిమ్ము వంగి అంచు నుంచి గాలి పోయినా, వాల్వు పాడైనా జిగురు చేయగలిగింది ఏమీ లేదు. నున్నటి రహదారుల మీద, ఫోన్ చేస్తే సహాయ వాహనం వచ్చే దేశాల్లో మేకే ముఖ్యమైన శత్రువు కాబట్టి అక్కడ ఈ మార్పిడి సబబే. గుంతల రోడ్లలో, రాత్రి తొమ్మిది దాటాక ఒక్క దుకాణమూ తెరిచి ఉండని మండల కేంద్రాల మధ్య తిరిగే కారుకు ఈ టైర్లతో పాటు సన్నపాటి స్టెప్నీ అయినా ఉండటమే న్యాయం. గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదన్న షరతుతో ఉండే ఆ సన్నటి చక్రం ఊరు చేరడానికి చాలు.

చట్టం మాత్రం స్టెప్నీని తప్పనిసరి చేయడం లేదు. 2020లో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, మూడున్నర టన్నులు మించని ప్రయాణికుల కార్లలో ట్యూబ్‌లెస్ టైర్లు, టైర్లలో గాలి ఒత్తిడిని కనిపెట్టి హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ రిపేర్ కిట్ ఉంటే అదనపు చక్రం లేకపోయినా ఫరవాలేదు. ఈ కిట్‌కూ సెల్ఫ్ సీలింగ్ టైరుకూ తేడా ఉంది. కిట్ అంటే చిన్న కంప్రెసరు, ఒక సీసాలో ద్రవం. పంక్చర్ అయ్యాక బండి ఆపి ఎక్కించుకోవాలి, సీసాకు గడువు తేదీ కూడా ఉంటుంది. టైరు దుకాణాల్లో వాల్వు నుంచి ముందుగానే పోసే ద్రవమూ వేరే సరుకే. అది టైరు లోపల అటూ ఇటూ కదలగలదు, బ్యాలెన్సింగ్ దెబ్బతినే వీలుంది. రన్‌ఫ్లాట్ టైరు ఇంకో జాతి. అందులో గాలి నిజంగానే పోతుంది, గట్టి పక్కగోడలు బండి బరువు మోస్తూ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో సుమారు 80 కిలోమీటర్ల దూరం తీసుకెళ్తాయి. ఆ గట్టిదనం రోజువారీ ప్రయాణంలో కుదుపుగా తెలుస్తుంది. జిగురు టైరు పక్కగోడలు మామూలువే కాబట్టి దానికి ఆ ఇబ్బంది లేదు.

గాలి ఒత్తిడి హెచ్చరిక సెల్ఫ్ సీలింగ్ టైర్లకు మరీ అవసరం. మేకు దిగిన సంగతి తెలియకపోవడం ఒక విధంగా ప్రమాదమే. రంధ్రంలోంచి దిగిన నీరు లోపలి ఉక్కు తీగలను తుప్పు పట్టించగలదు, జిగురు పట్టు కొంచెం సడలితే గాలి నెమ్మదిగా తగ్గుతుంది. అందుకే మేకు కనిపిస్తే దారిలో లాగేయకుండా, గాలి చూసుకుంటూ టైరు దుకాణానికి వెళ్లాలి. అక్కడ టైరు విప్పి, రంధ్రం చుట్టూ జిగురు గీకి, ఆ చోటు బాగా శుభ్రం చేస్తేనే లోపలి నుంచి వేసే పుట్టగొడుగు ఆకారపు అతుకు, అంటే మష్రూమ్ ప్యాచ్, నిలుస్తుంది. ఈ శ్రమకు దుకాణదారులందరూ ఒప్పుకోరు.

టైర్లు అరిగి కొత్తవి వేసే రోజున ఇంకో పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. సెల్ఫ్ సీలింగ్ టైర్ల ధర ఎక్కువ, అన్ని సైజులూ అన్ని చోట్లా దొరకవు. అదే సైజులో మామూలు టైర్లు చవగ్గా వస్తున్నాయని వేయించుకుంటే కారు చక్కగానే నడుస్తుంది. కానీ అప్పటి నుంచి దానికి జిగురు పొర ఉండదు, డిక్కీలో స్టెప్నీ కూడా ఉండదు. పాత టైరు పక్కగోడ మీద సీల్ గుర్తు ఉందేమో చూసి, అదే రకం అడగాలి. దొరకకపోతే స్టెప్నీని, జాకీని, స్పానరును అదే బిల్లులో చేర్చుకోవాలి.