తెడ్డు నా చేతికొచ్చిన రోజు

గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన నాకు ఈత రాదంటే నవ్వుతారు. కానీ నిజం! తమ్ముడు రేవులో దూకుతుంటే మురిసిపోయిన అమ్మే, నేను ఇంకో మెట్టు దిగితే "ఆడపిల్లవి, నీకెందుకే?" అని కేకలేసేది. పుష్కరాలకి మూడు మునకలు, కార్తీకంలో దీపాలు... నదితో నా పరిచయం అంతే.

మొన్న వేసవిలో మినియాపొలిస్‌లో ఉన్న మా చెల్లి దగ్గరికి వెళ్తే, ఓ ఆదివారం కారులో టేలర్స్ ఫాల్స్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లింది. మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాలకి హద్దుగా అక్కడ సెయింట్ క్రాయ్ నది పారుతుంది. రెండువైపులా నల్లరాతి గోడలు. వంద కోట్ల ఏళ్ల కిందటి లావా గడ్డకట్టిన రాయి అది! ఆ రాతిలో అచ్చం రోళ్లలాంటి గుంటలు. మంచుయుగం చివర్లో వరద సుడుల్లో రాళ్లు గిరగిరా తిరిగి తొలిచినవట. ఒకదాని లోతు 60 అడుగులు! మా అమ్మమ్మ రుబ్బురోలూ, పొత్రమూ గుర్తొచ్చాయి నాకు.

నీళ్లేమో డికాషన్ రంగు. మురికనుకుని మొహం చిట్లించాను. ఎగువన చిత్తడి అడవుల్లో ఆకులు నానిన రంగే తప్ప మురికి కాదంది చెల్లి. ఒకప్పుడు ఈ నది నిండా కలప దుంగలే తేలేవి. 1886లో ఇక్కడే అవి అడ్డంపడి నది మూసుకుపోయింది కూడా. 1968లో అమెరికా నదుల రక్షణకి చట్టం చేసినప్పుడు మొదట ఎంచిన 8 నదుల్లో దీని ఎగువ భాగం ఒకటి. మేం వెళ్లిన దిగువ భాగాన్ని 1972లో చేర్చారు.

ఇక్కడ అద్దెకి చిన్న పడవలిస్తారు. దిగువన ఒసియోలా దాకా మనమే తెడ్డేసుకుని వెళ్తే, బస్సులో వెనక్కి తెస్తారు.

"నేను గట్టున కూర్చుంటాలే" అన్నాను. 2019లో కచ్చులూరు దగ్గర మునిగిన బోటు కళ్లముందు మెదిలింది.

"లైఫ్ జాకెట్ బిగించుకో అక్కా, ఏం కాదు. ఇక్కడ పడవలో మనిషికొకటి ఉండి తీరాలి" అంటూ తనే బకిల్స్ పెట్టింది. పక్కనే డెబ్బై ఏళ్ల ఆవిడెవరో ఒక్కర్తే పడవ నీళ్లలోకి తోసుకుని చక్కా వెళ్లిపోయింది. సిగ్గేసింది.

మొదటి పావుగంట తెడ్డు అటేస్తే పడవ ఇటు తిరిగింది. ఇద్దరం నవ్వలేక చచ్చాం. తర్వాత చేతికి లయ దొరికింది. పైన గద్ద, ఒడ్డున పైన్ చెట్లు, తెడ్డు నీళ్లని కోసే చప్పుడు. నీళ్లలోకి చెయ్యి పెట్టి చూశాను. అరిచేవాళ్లెవరూ లేరు.

ఇంటికొచ్చాక పిల్లని ఈతకి పంపుదామంటే, "ఎండకి నల్లబడిపోతుందేమోనే" అన్నారు మావారు. మర్నాడే వెళ్లి పేర్లు రాయించేశాను. పేరు కాదండీ, పేర్లే. రెండు!